మూడు ఊళ్ల గాలికి మూడు పళ్లేలు

ప్రపంచంలో ఏ నగరం గాలి ఎంత చెడిపోయిందో బొమ్మ వేసి చూపించిన పేపరు ముక్క ఒకటి మా ఇంట్లో చాలా రోజులు ఫ్రిజ్ మీద ఉండేది. రెండువేల ఆరో, ఏడో, సరిగ్గా గుర్తులేదు. ఢిల్లీ, బీజింగ్, కైరో, మెక్సికో సిటీ, లండన్. ఒక్కో నగరం పేరు మీద ఒక్కో స్తంభం. గాలిలో ఎంత దుమ్ముంటే స్తంభం అంత ఎత్తు. నేను అప్పుడు సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పటాలు, బొమ్మలు కనబడితే కత్తిరించి దాచుకోవడం నాకో జబ్బు. అయితే ఈ బొమ్మను బడిపిల్లల కోసం దాచలేదు. అందులో సూర్యాపేట ఉందేమోనని వెతికాను. లేదని కళ్లకు కనబడుతున్నా మళ్లీ మళ్లీ వెతికాను.

నవ్వకండి. అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. ఆ పిల్లకు ఊపిరి అందేది కాదు.

మాది హైవే పక్క ఇల్లు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే ప్రతి లారీ మా గుమ్మం ముందే గేరు మార్చేది. కిరాయి తక్కువ, మా ఆయన పనిచేసే కరెంటాఫీసు దగ్గర, నా బడి ఇంకా దగ్గర. పెళ్లైన కొత్తలో ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాం. పిల్ల కాస్త పెద్దదయ్యాక, చలికాలం వస్తే చాలు, దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. నిద్రలో లేచి కూర్చునేది. రెండు చేతులూ మంచానికి ఆనించి, భుజాలు పైకెత్తి, ఒక్కో ఊపిరినీ బావిలోంచి నీళ్లు చేదినట్టు చేదుకునేది. ఏం కావాలమ్మా అంటే తల అడ్డంగా ఊపేది. మాట్లాడటానికి కూడా ఊపిరి మిగిలేది కాదు. ఆ భుజాలను చూస్తూ పక్కన కూర్చోవడం కంటే కష్టం నా జీవితంలో మరొకటి రాలేదు.

మేం చూపించే పిల్లల డాక్టరు మొహమాటం లేని మనిషి.

"మందు నేనిస్తనమ్మా. కానీ ఈ రోడ్డు మీద పెట్టుకొని ఎంత మందు పోసినా ఏం లాభం? గాలి మార్చాలె. ఎక్కడన్న మంచి గాలి ఉన్న చోట ఒక ఏడాది, రెండేండ్లు ఉంచున్రి. ఇప్పుడు సంభాళిస్తే పెద్దయినంక తగ్గిపోవచ్చు. లేకుంటే గీ ఆయాసం ఆమె ఎంబడే ఉంటది."

ఎక్కడన్నా అంటే ఎక్కడ? మాకున్నవి రెండే చోట్లు. మిర్యాలగూడలో మా పుట్టిల్లు, కోదాడలో మా ఆయన అక్కగారి ఇల్లు. మా ఇద్దరి ఉద్యోగాలూ సూర్యాపేటలోనే. కాబట్టి పిల్లను ఆ రెండు ఇళ్లలో ఒక చోట వదలాలి. ఊపిరాడక లేచి కూర్చునే పిల్లను నా పక్కలోంచి తీసి ఇంకొకరి పక్కలో వేయాలి. వేసే చోటు మాత్రం తప్పకూడదు.

ఇక చూడండి, రెండు వైపుల బంధువులకూ రోషాలు పుట్టుకొచ్చాయి. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు ఎవరి ఊరి గాలి వారికి ముద్దు. మంచి సంబంధం చెప్పినట్టు ఎవరి గాలిని వాళ్లు మెచ్చుకోవడం మొదలుపెట్టారు.

మా నాన్నది మిర్యాలగూడలో రైసుమిల్లు. వడ్లను ఉడకబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత ఆడించే బాయిల్డ్ రైస్ మిల్లు. నిడమనూరు వైపు పొలాల వడ్లన్నీ తన గేటు ముందే ఆగాలన్నంత పట్టుదల ఆయనకు. ఉడకబెట్టడానికి బాయిలర్, బాయిలర్ కింద ఊక, ఊక కాలితే పొగ, పొగతో పాటు ఎగిరే బూడిద. మాదొక్కటే కాదు, ఊరి చుట్టూ అవే పొగగొట్టాలు. ఆ ఊళ్లో పెరిగిన నేను పడుకునే ముందు దిండు దులుపుతాను. అది అందరికీ ఉండే అలవాటే అనుకున్నాను. "గదేం పిచ్చి, దిండును కొడుతున్నవ్?" అని పెళ్లయ్యాక మా ఆయన అడిగిన రోజు అది మిర్యాలగూడ అలవాటని తెలిసింది.

ఆ నాన్నే ఒకరోజు సూర్యాపేట మార్కెట్టు పని మీద వచ్చి, ఫ్రిజ్ మీది పేపరు అందుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"దీంట్ల మిర్యాలగూడ ఉన్నదా?"

"లేదు నాన్నా."

"లేదు గదా? ఢిల్లీ రాసిండ్రు, లండన్ రాసిండ్రు. మనూర్ల దుమ్ముంటే రాయకపోదురా? లేదు గన్కనే రాయలే. పిల్లను మా ఇంటికి తోలు."

"నాన్నా, మిల్లు బూడిద..."

"ఊక బూడిదతోని పండ్లు తోముకొని పెరిగినం మేము. బూడిదకు జబ్బొస్తదంటే నలుగురు నవ్వుతరు."

మా నాన్న తీర్పులన్నీ ఇలాగే ఉంటాయి. వాటి మీద అప్పీలుకు పై కోర్టు లేదు.

ఆ సాయంత్రమే కోదాడ నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్క, ఫోన్ చేసింది. ఊరు సరిహద్దులో ఉండటం వల్ల ఆమె మాటలో కృష్ణా జిల్లా వాసన ఉంటుంది.

"ఏమ్మా, మిల్లు గొట్టం కింద పెడతావా పిల్లని? మా ఇంటి వెనకాల అన్నీ పొలాలేగా. నడిగూడెం వైపు నుంచి గాలి తోలిందంటే ఫ్యాను కూడా అక్కర్లేదు. ఇక్కడికి పంపించు, నేను చూసుకుంటాగా."

మా ఆయన ఆమె వైపు, నేను మా నాన్న వైపు. కూర గురించీ, కట్నం గురించీ పోట్లాడుకునే మొగుడూపెళ్లాలను చూశాను గానీ, గాలి గురించి పోట్లాడుకున్నవాళ్లం మేమే అయ్యుంటాం. వారం రోజులు వింటూ విసిగిపోయి నేనొక ఉపాయం ఆలోచించాను. సోషల్ టీచరును కదా, కొలవకుండా పోల్చకూడదని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. ఢిల్లీలో మీటర్లున్నాయి, మనకు లేవు. లేకపోతే ఏం, ఇంట్లో పళ్లేలు లేవా?

ఒకే సెట్టులోని స్టీలు పళ్లేలు మూడు తీశాను. దుమ్ము అంటుకునేలా పలచగా కొబ్బరినూనె రాశాను. ఒకటి మా డాబా మీద, ఒకటి కోదాడలో వదిన వాళ్ల డాబా మీద, ఒకటి మిర్యాలగూడలో మా నాన్న డాబా పిట్టగోడ మీద. ఒకే ఆదివారం పెట్టి, వచ్చే ఆదివారం తీయాలి. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ ఊరి గాలి ఏమిటో తేలిపోతుంది. మిర్యాలగూడ పళ్లెం నేనే స్వయంగా తీసుకెళ్లి పెట్టి, నాన్నను మెట్ల దాకా పిలిచి, దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి వచ్చాను. మా ఇంట్లో పెద్ద విషయాలు నాన్నకే చెప్పాలి. అమ్మకు చెబితే అది చిన్న విషయం అయిపోతుంది.

వారం గడిచింది. ఆ ఆదివారం నేనూ మా ఆయనా రెండు ఊళ్లూ తిరిగి పళ్లేలు తీశాం. సూర్యాపేట పళ్లెం మీద వేలు పెట్టి గీస్తే కాటుక. అది మేం ఊహించిందే. కోదాడ పళ్లెం నిండా ఎర్రటి దుమ్ము, ఇటుకపొడి చల్లినట్టు మందంగా పరుచుకుని ఉంది. వదిన మొహం చిన్నబోయింది. "ఇదేంటమ్మా, పక్కన రోడ్డు పని చేస్తున్నారులే, దాని దుమ్ము" అని సర్దిచెప్పబోయింది. మిర్యాలగూడ పళ్లెం మాత్రం తళతళలాడుతోంది. అందులో నా మొహం కనబడింది.

"సూడు బిడ్డా, నువ్వెట్ల పెట్టినవో అట్లనే ఉంచిన" అంది మా అమ్మ గర్వంగా.

నాన్న మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వాడు, అంతే. ఆ పళ్లెం చూసి మా ఆయన కూడా సరేనన్నాడు. నేను ఇంటికొచ్చి పేపరు బొమ్మ పక్కన తెల్లకాగితం పెట్టి మా మూడు ఊళ్లకూ స్తంభాలు గీశాను. కోదాడది పొడుగు, సూర్యాపేటది దానికి కొంచెం తక్కువ, మిర్యాలగూడకు స్తంభమే లేదు. ఆ లెక్కన భూమ్మీద అన్నింటికన్నా శుభ్రమైన గాలి ఒక రైసుమిల్లు వెనక డాబా మీద ఉంది. నాకు అనుమానం రాలేదు. నా చేత్తో కొలిచాను కదా!

జూన్‌లో పిల్లను మిర్యాలగూడ బడిలో చేర్పించాం. బట్టల సంచీ మా అమ్మకు ఇచ్చి నేను బస్సుకు బయల్దేరుతుంటే పిల్ల గేటు పట్టుకుని నిలబడి అడిగింది.

"అమ్మా, మరి నువ్వు గా దుమ్ములనే ఉంటవా?"

బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పక్క సీటావిడ "ఎవరన్న పోయిండ్రా అమ్మా?" అని అడిగింది.

వానాకాలమంతా బాగానే గడిచింది. వానలకు గాలి కడిగినట్టు ఉంది, మిల్లులో పని కూడా తక్కువ. పిల్ల ఒళ్లు చేసింది. మా నాన్న స్కూటరు ముందు నిలబడి మిల్లుకు పోయేది. బస్తాల మీదెక్కి హమాలీలకు తన ఎక్కాలు అప్పజెప్పేది. చిన్నప్పుడు మమ్మల్ని మిల్లు గేటు దాటనివ్వని మనిషి, మనవరాలికి తన గల్లాపెట్టె పక్కన కుర్చీ వేయించాడు. ఫోన్ చేసినప్పుడల్లా "ఎట్లున్నది మా గాలి?" అని నన్నే అడిగేవాడు.

కోతలు మొదలయ్యాయి. వడ్ల ట్రాక్టర్లు రోడ్డు పొడుగునా బారులు తీరాయి, బాయిలర్లన్నీ రాత్రింబవళ్లు మండుతున్నాయి. ఒక మధ్యాహ్నం బడికి ఫోన్ వచ్చింది. నాన్న గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"బిడ్డా, జర రా. పిల్ల పరేషాన్ అయితున్నది."

దవాఖానలో మంచం మీద మళ్లీ అవే భుజాలు. మూతికి గొట్టం పెట్టారు. మా నాన్న మంచం కాళ్ల దగ్గర నిలబడి, పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా తనూ ఊపిరి బిగబట్టి, వదిలినప్పుడు వదులుతున్నాడు. సాయంత్రానికి తేరుకుంది. ఇంటికి తీసుకొచ్చాం.

మరునాడు పొద్దున పిల్ల నిద్రపోతోంది. నాకు తోచక కాఫీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కాను. మా అమ్మ అప్పటికే పైన ఉంది. డాబా అంతా రాగిపిండి జల్లెడ పట్టినట్టు సన్నటి బూడిద. ఆమె అడుగులు అందులో స్పష్టంగా పడ్డాయి. చీపురుతో ఒక మూల నుంచి ఊడ్చుకొస్తోంది. సగం ఊడ్చి, తడిగుడ్డ తీసుకుని పిట్టగోడ తుడిచింది, నీళ్ల ట్యాంకు మూత తుడిచింది, వడియాలు పెట్టే చాట తుడిచింది.

"రోజూ తుడుస్తవా అమ్మా?"

"తుడవకపోతే ఎట్ల? లేసి మొకం కడుక్కోమా? గిదీ గంతే. గిది గూడ పనేనా బిడ్డా?"

"నేను పెట్టిన పళ్లెం?"

"దాన్నెందుకు ఇడుస్త? పొద్దుగాల తుడిసి మళ్ల నూనె రాసి పెట్టేదాన్ని. నువ్వు నూనె రాసి పెట్టిపోతివి, ఎండకు ఆరిపోతే నువ్వేమంటవో అని రోజూ రాసిన."

నేను మెట్ల మీద కూలబడ్డాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఎంత కోపం వచ్చిందంటే కాఫీ గ్లాసు విసిరేద్దామనిపించింది. ఎవరి మీద? ఆమె మీదా? పెళ్లై ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆ బూడిదను ఊడుస్తూనే ఉంది. మా ఊళ్లో బూడిద లేక కాదు, అది కనబడక ముందే ఊడ్చేసే ఆడవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. మగవాళ్లు లేచేసరికి ఊరు శుభ్రంగా ఉంటుంది. వాళ్లు తెల్లచొక్కా తొడుక్కుని, మనూరి గాలికేమైందని అడుగుతారు.

నా అరుపులకు నాన్న పైకి వచ్చాడు.

"పళ్లెం ముట్టొద్దని నీకు చెప్పిన గదా నాన్నా!"

"ముట్టొద్దన్నవ్. నేను ముట్టలే" అన్నాడు నాన్న. అబద్ధం కాదు. ఆయన దాని దగ్గరికి కూడా పోలేదు.

తర్వాత అమ్మ వైపు తిరిగి, "నీకేం రోగమే, కనబడ్డదల్ల తుడుస్తవ్?" అన్నాడు.

మా అమ్మ ఆయనకు ఎదురు చెప్పడం నేను అంతకు ముందు విని ఎరగను. తడిగుడ్డ పక్కన పెట్టి కొంగు దులుపుకుంది.

"తుడవకుంటే మీరు తినే అన్నంల పడుతది. ఇన్నేండ్లల్ల ఒక్కనాడన్న పొద్దుగాల డాబా ఎక్కిండ్రా మీరు? ఎక్కుంటే మీకు తెలుస్తుండె."

నాన్న కింద చూశాడు. ఇంకా ఊడవని సగం డాబా ఆయన కాళ్ల ముందే ఉంది. మెట్లు దిగిపోయాడు.

అయినా ఆయన ఒప్పుకోలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర, "బూడిద ఉంటది, ఎవరు కాదన్నరు? మా అందరికి ఏమైంది? పిల్ల కమ్జోరున్నది, గంతే" అన్నాడు. అలా అంటూనే దగ్గాడు. మా నాన్నకు చలికాలమంతా దగ్గు. పొద్దున నిద్రలేస్తూనే మొదలై, స్నానం దాకా సాగేది. చిన్నప్పుడు మేం దాన్ని బట్టే లేచేవాళ్లం. అమ్మ దాన్ని బట్టే పొయ్యి వెలిగించేది. దాన్ని మేం జబ్బని అనుకోనే లేదు. మా నాన్నకు మీసం ఉన్నట్టే దగ్గూ ఉంది.

పిల్లను కోదాడ తీసుకెళ్లాం. ఈసారి ఎవరూ గొడవపడలేదు. బయల్దేరేటప్పుడు అది తాత వేలు వదల్లేదు. నాన్న ఒక్కొక్క వేలూ విడదీసి, "పో బిడ్డా, అత్తమ్మ తాన మంచిగుంటది" అని లోపలికి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం కోదాడ ఎర్రదుమ్ము భయం పోలేదు. నా స్తంభాల్లో అన్నిటికన్నా పొడుగుది అదే కదా. వెళ్లి డాక్టరును అడిగాను. ఆయన నా పళ్లేల కథంతా విని చాలాసేపు నవ్వాడు.

"అమ్మా, కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కుల్నే ఆగిపోతది. తుమ్మితే పోతది. అసలు దొంగ కనబడదు. పొగలకెల్లి వచ్చే సన్నటిది ఉన్నది సూడు, అది పోయి పోయి ఊపిరితిత్తుల అడుగుకు చేరుతది. ఎర్రమట్టి పళ్లెంల ఎంత ఉన్నదని కాదు, ఊపిరిల ఏం పోతున్నదని సూడాలె. పెద్ద పెద్ద నగరాలల్ల మీటర్లు పెట్టి కొలిచేది గా సన్నదాన్నే."

పెద్ద నగరాలను పోల్చేవాళ్లు దుమ్ములో కూడా లావూ సన్నమూ వేరు చేస్తారని నాకు అప్పుడు తెలిసింది. నా మూడు స్తంభాల కాగితం చింపేశాను. పిల్ల కోదాడలో కోలుకుంటోందన్నది ఒక్కటే నాకు నమ్మకమైన లెక్క. వారం వారం వెళ్లేదాన్ని. వెళ్లినప్పుడల్లా భుజాలు కొంచెం కిందికి దిగినట్టుండేవి. ఒక ఆదివారం అది మా వదిన ఇంటి వెనక గట్టు మీద మేకపిల్ల వెంట పరుగెత్తుతుంటే, పిలిస్తే ఆగిపోతుందేమోనని నేను పిలవలేదు.

మా నాన్న మాత్రం ఫోన్ చేయడం మానేశాడు. గల్లా పక్క కుర్చీ ఎవరినీ తీయనివ్వడం లేదనీ, అన్నం సగంలో లేస్తున్నాడనీ అమ్మ చెప్పేది. చివరికి అమ్మే ఆయనను బలవంతాన కోదాడకు బయల్దేరదీసింది. పొద్దున వచ్చి సాయంత్రం బస్సుకు పోవాలని అనుకున్నారు. పిల్ల తాత చెప్పులు దాచేసింది. కూతురి ఆడబిడ్డ ఇంట్లో మా నాన్న రాత్రి ఉండటమా అని నేను ఆశ్చర్యపోయాను. ఉన్నాడు. ఒక రోజు కాదు, వారం దాకా ఉన్నాడు. మిల్లు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. రేపొస్తా, రేపొస్తా అంటూనే ఉన్నాడు.

శని సాయంత్రం నేనూ వెళ్లాను. ఆదివారం తెల్లవారాక వంటింట్లో వదిన, నేను పాలు కాస్తుంటే, ముందు గదిలోంచి అమ్మ గొంతు వినబడింది. "ఏమండీ! ఏమండీ!" అని. అది పిలుపు కాదు, ఏడుపు. పరుగెత్తాం. మా అమ్మ నాన్న మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆయన ముక్కు కింద చెయ్యి పెట్టి ఉంది.

నాన్న కళ్లు తెరిచాడు.

"ఏందే? ఏమైంది?"

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "తెల్లారి ఎంతసేపైంది. మీ దగ్గు ఇనబడలే. నేను..." అని ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాకు భయమైంది."

నాన్న లేచి కూర్చున్నాడు. అలవాటుగా దగ్గబోయాడు. రాలేదు. ఛాతీ మీద చెయ్యి వేసుకుని ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చాడు, వదిలాడు. మళ్లీ పీల్చాడు. ఎవరిదో వస్తువు చేతికి వచ్చినట్టు మా అందరి మొహాలూ చూశాడు. పిల్ల కళ్లు నులుముకుంటూ వచ్చి ఆయన పక్కన చేరింది.

"నేను పుట్టుకతోటే గిట్ల అనుకున్న" అన్నాడు నాన్న. ఎవరితోనో కాదు, తనలో తను.

"నేను గూడ గట్లనే అనుకున్న తాతా" అంది పిల్ల.

మా నాన్న ఏడవడం ఆ ఒక్కసారే చూశాను. పిల్ల తల మీద గడ్డం ఆనించి, చప్పుడు లేకుండా.

ఆ రోజు మధ్యాహ్నం నాకు ధైర్యం వచ్చి లండన్ సంగతి చెప్పాను. ఒకప్పుడు అక్కడ బొగ్గుపొగకు పట్టపగలు దారి కనబడేది కాదనీ, మనుషులు చచ్చిపోయారనీ, తర్వాత చట్టాలు చేసి, పొయ్యిలు మార్చి, నానా తంటాలు పడి బాగు చేసుకున్నారనీ చెప్పాను.

"లండన్ గూడ ఒకప్పుడు మిర్యాలగూడే నాన్నా."

"అయితే మిర్యాలగూడ గూడ లండన్ అయితదంటవ్."

"లండన్ వద్దులే. మన పిల్ల నిద్రపోయే ఊరైతే సాలు."

నాన్న ఆ సాయంత్రమే మిర్యాలగూడ వెళ్లాడు. మొండితనం మంచి పనికి తిరిగితే ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. బాయిలర్ గొట్టానికి బూడిద పట్టే పెద్ద డ్రమ్ము బిగించాడు. పొగ అందులో గిరగిరా తిరిగి బూడిదను కిందికి దింపి పైకి పోతుంది. కింద పడ్డ బూడిదను నీళ్లు చల్లి తడిపించాడు. ఇటుక బట్టీలకు పోయే బూడిద ట్రాక్టర్ల మీద టార్పాలిన్ కప్పితేనే గేటు తీసేవాడు. తోటి మిల్లుల వాళ్లు ఊరుకుంటారా? "మనుమరాలి కోసం గొట్టానికి మూతిగుడ్డ కట్టిండు" అని ఎగతాళి. "జర వాడపల్లి దిక్కు పోయి ఆ సిమెంటు దుమ్ము సూడు, దాని ముంగట మనదెంత?" అని ఒకాయన వాదించాడట. పక్కూరితో పోల్చుకుని తప్పించుకోవడం మా నాన్నకు తెలియని విద్యా? ఆయన వాదించలేదు. పొద్దున కాఫీకి రమ్మని పిలిచి, ఒక్కొక్కరినీ తన డాబా ఎక్కించాడు.

అందుకోసం ఆ రోజుల్లో డాబా ఊడవొద్దని అమ్మకు ఆర్డరు వేశాడు. అందరికన్నా కష్టం ఆమెకే అయింది. ఊడవని డాబా మీదికి పరాయివాళ్లను తీసుకురావడం అంటే ఆమెకు తల కొట్టేసినట్టే. వచ్చినవాళ్లకు కాఫీ ఇస్తూ, "రోజూ గిట్లుండదన్నా, ఈయనే ఊడవొద్దన్నడు" అని సంజాయిషీ చెప్పుకునేదట.

కొందరు బిగించారు. కొందరు చూద్దాం, చేద్దాం అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు. గాలి ఒక మిల్లుతో బాగుపడదు. తిలా పాపం తలా పిడికెడు కదా. మా నాన్న దగ్గు కూడా పూర్తిగా పోలేదు. స్నానం దాకా సాగేది కాఫీ దాకా తగ్గింది. మేమూ సూర్యాపేటలో హైవే వదిలి ఊరి లోపలికి ఇల్లు మారాం. బడి దూరమైంది. పిల్ల కోదాడలో ఇంకో ఏడాది చదివి మా దగ్గరికి వచ్చేసింది. చలికాలంలో మందు వాడేది. కానీ రాత్రుళ్లు లేచి కూర్చోవడం క్రమంగా తగ్గి, ఎప్పుడు ఆగిపోయిందో మేం గమనించనే లేదు.

ఒక్కటి మిగిలిపోయింది. మిర్యాలగూడలో చలికాలంలో మాత్రం నేను పిల్లను రాత్రి ఉంచేదాన్ని కాదు. పగలు తీసుకెళ్లి సాయంత్రానికి వెనక్కి తెచ్చేసేదాన్ని. నాన్న బస్సు దాకా వచ్చేవాడు. ఉండమని ఒక్కసారీ అనలేదు. ఆయన అడగకపోవడం నాకు ఇంకా బాధగా ఉండేది.

మూడో ఏడో, నాలుగో ఏడో, కోతలు జోరుగా ఉన్న రోజుల్లో వెళ్లాం. సాయంత్రం నేను బయల్దేరుతుంటే పిల్లే చెప్పింది, "అమ్మా, నువ్వు పో. నేను ఈడ పండుకుంట" అని. నాన్న నా వైపు చూడలేదు, చెప్పుల్లో కాళ్లు సర్దుకుంటున్నాడు. నేను సంచీలోంచి మందు తీసి అమ్మ చేతిలో పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. తెల్లవారుతూనే ఫోన్ చేశాను. మొదటి రింగుకే నాన్న ఎత్తాడు.

"ఎట్లున్నది నాన్నా?"

గుసగుసగా జవాబిచ్చాడు. "రాత్రంత ఒక్కసారి గూడ లేవలే బిడ్డా. ఇంకా నిద్రల్నే ఉన్నది. పెట్టెయ్ ఫోను, లేస్తది."